వినే ఉద్యోగం

కొత్త మేనేజరు చేరిన మూడో రోజున ఫ్యాక్టరీ అంతా తిరిగి చూశాడు. బాయిలర్ గది బయట, స్టూలు మీద ఒక ముసలావిడ కళ్ళు మూసుకుని, గోడకు చెవి ఆనించి కూర్చుంది.

"నిద్రపోతున్నారా అమ్మా?"

"లేదు బాబూ, వింటున్నాను."

"ఏం వినిపిస్తోంది?"

"ఇంకా ఏమీ రాలేదు."

మిట్టమధ్యాహ్నం. చుట్టూ బట్టలకు రంగులు వేసే యంత్రాల హోరు. అయినా ఆయనకు ఒళ్ళు జలదరించింది. అది చిరాకేమో అనుకున్నాడు.

మేస్త్రీని పిలిచాడు.

"ఈవిడ పనేంటి?"

"ఇదే సార్. స్టూలమ్మ అంటాం. నేను చేరి పన్నెండేళ్ళయింది. అప్పటికే ఇలా కూర్చునుంది."

"బాయిలర్‌కి మీటర్లున్నాయిగా?"

"ఉన్నాయి సార్. బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి."

"మరి ఈవిడెందుకు?"

"పాత రిజిస్టర్లో ఉంటుందేమో సార్."

మేనేజరు పాత రిజిస్టరు తీయించాడు. చనిపోయిన పాత యజమాని చేతిరాత. పని: గోడ దగ్గర కూర్చోవడం. కారణం: ఆవిడే అడిగింది.

మేనేజరు పడీ పడీ నవ్వాడు.

ఆయనకొక సూత్రం ఉంది. ఎక్కడికెళ్ళినా తన గది గోడ మీద రాయించుకునేవాడు. 'ఎందుకో ఎవరూ చెప్పలేని పని, అక్కర్లేని పని.' ఆ ఒక్క సూత్రంతో మూడు ఫ్యాక్టరీలను ఊడ్చి శుభ్రం చేశాడు. పాపం, ఒక్కసారీ దెబ్బ తినలేదు. అదే వచ్చిన చిక్కు.

మర్నాడే స్టూలమ్మను పిలిచి ఇక రావద్దన్నాడు. మర్యాదగానే అన్నాడు.

ఆవిడ ఏడవలేదు, బతిమాలలేదు.

"నా చోట ఎవర్ని కూర్చోబెడతారు?"

"ఎవర్నీ కూర్చోబెట్టం."

"అయితే ఆ గోడ పక్కన బట్టలు మడతపెట్టే పదకొండు మందినీ వేరే షెడ్డుకి మార్చండి బాబూ."

"కారణం చెప్పండి, ఇప్పుడే మారుస్తాను."

ఆవిడ నోరు తెరిచింది. "చెప్పలేను" అని లేచి వెళ్ళిపోయింది.

స్టూలు తీసేశారు. అయినా ఆ చోట ఎవరూ నిలబడేవారు కాదు. మేస్త్రీ భార్య కూడా బట్టలు మడతపెట్టే ఆ పదకొండు మందిలో ఒకతి.

"ఏమయ్యా, ఆ గోడకి వీపు పెట్టాలంటే ఏదోలా ఉంది" అంది మొగుడితో.

వారం తిరక్కుండా వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"సార్, స్టూలమ్మ రోజూ వెనక సందులోకొచ్చి బాయిలర్ గోడకి చెవి పెడుతోంది."

"పెట్టుకోనీ. గేటు లోపలికి మాత్రం రానివ్వకు."

గురువారం భోజనాలయ్యాక గోడలోంచి సన్నటి చప్పుడు వచ్చింది. చంటిపిల్ల నిద్రలో మూలిగినట్టుంది. అందరూ విన్నారు. పైపులో గాలి అన్నారొకరు. పావురం అన్నారింకొకరు. మేనేజరు స్వయంగా వెళ్ళి మీటరు చూశాడు. ముల్లు ఉండాల్సిన చోటే ఉంది.

"ఏం లేదు, పని చూసుకోండి."

ఆ మాట పూర్తికాకుండానే స్టూలమ్మ వాచ్‌మన్‌ను తోసుకుని లోపలికొచ్చింది. ఆ వయసులో ఆ పరుగేమిటో! మేనేజరు అడ్డం వెళితే చెయ్యి కొరికింది. మడత బల్లలు తన్నేసింది. దొరికిన వాళ్ళను దొరికినట్టు జుట్టు పట్టి, రెక్క పట్టి బయటికి నెట్టింది. నెడుతూ లెక్కపెట్టింది.

"తొమ్మిది... పది..."

పదకొండోది మేస్త్రీ భార్య. ఆమెతోపాటు మేనేజర్నీ గడప అవతలికి తోసింది. తనింకా లోపల ఉండగానే బాయిలర్ పేలి గోడ లేచిపోయింది.

దుమ్ము అణిగాక చూసుకుంటే అందరూ ఉన్నారు. స్టూలమ్మ లేదు.

మేనేజరు నేలమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

రెండు రోజులకు, ప్రమాదం మీద దర్యాప్తుకొచ్చిన ఇన్‌స్పెక్టరు పాత ఫైలొకటి పట్టుకొచ్చాడు.

"ముప్ఫై ఏళ్ళ కిందట ఇదే బాయిలర్ గది పేలింది. పధ్నాలుగు మంది పోయారు. అప్పుడూ మీటరు ముల్లు సరిగ్గానే ఉందట."

"ఒక్కరూ బతకలేదా?"

ఇన్‌స్పెక్టరు కాగితం తిప్పి, ఒక వాంగ్మూలం కింద ఉన్న వేలిముద్ర చూపించాడు.

ఆ రోజు ఆ చప్పుడు విని, పక్కనున్న ఒక్కరికీ చెప్పకుండా బయటికి పరుగెత్తి, తనొక్కతే బతికిన మనిషి స్టూలమ్మ.