అద్దాల్లేని కటింగ్

"అద్దాలకు ఈ దుప్పట్లేమిటోయ్?" అంటూ సెలూన్ గుమ్మంలోనే ఆగిపోయారు ఇంకాస్త గారు.

ఆయన అసలు పేరు అక్కడ ఎవరికీ గుర్తులేదు. కటింగ్ అయ్యాక అద్దంలోకి మెడ సాచి "ఇక్కడ ఇంకాస్త, అక్కడ ఇంకాస్త" అంటూ అరగంటసేపు బార్బరు ప్రాణం తోడేస్తారు కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా బాగుందన్న పాపాన పోలేదు. వెనకాల ఎలా ఉందో కనపడటం లేదని ఆయన సణిగితేనే, పోయిన వారం వెనక గోడకు కూడా అద్దాలు వేయించాడు బార్బరు.

"దొర కోసం బాబాయ్," అని బార్బరు కిటికీ పక్కనున్న వలగూడు చూపించాడు.

దొర అంటే అతను పెంచుకుంటున్న ఊసరవెల్లి. మొన్నమొన్నటి దాకా చిగురాకులా ఉండేది. ఇప్పుడు బొగ్గులా నల్లబడి కొమ్మను కరుచుకుని ఉంది. ఆరు రోజులుగా పురుగు ముట్టలేదు. బార్బరు చేయని సేవంటూ లేదు. ఎండలాంటి వెలుగిచ్చే దీపం పెట్టాడు, బతికున్న కీచురాళ్లకు కాల్షియం పొడి అద్ది వేశాడు, గిన్నెలో నీళ్లు తాగదని ఆకుల మీద చుక్కలు చల్లాడు. డాక్టరుకు ఏ లోపమూ దొరకలేదు. ఇంత నీరసంలో గూడు కదపొద్దన్నాడు, రెండు రోజులకు మించి ఆశ పెట్టుకోవద్దని కూడా అన్నాడు.

ఈ ఉదయం గూడు తుడుస్తూ బార్బరు దాని ఎత్తుకు వంగి చూశాడు. ముందు అద్దాల్లో, వెనక అద్దాల్లో వరసగా ఊసరవెల్లులు, అన్నీ దొర వైపే గుడ్లురుముతున్నాయి. పాపం, తన నీడలనే శత్రువులనుకుని వారం నుంచి బిక్కుబిక్కుమంటూ బతుకుతోంది.

"అద్దం లేకపోతే నువ్వేం చేశావో నాకెలా తెలుస్తుంది? ఎదురు షాపుకు పోతాను."

"ఈ ఒక్కరోజు నన్ను నమ్మండి బాబాయ్. ఇది బతికితే చాలు నాకు."

అతని కళ్లల్లో నీళ్లు చూసి ఇంకాస్త గారు గొణుక్కుంటూనే కుర్చీలో కూర్చున్నారు. బార్బరు ఆయనకు గుడ్డ కట్టి, తల తడిపి, శుభ్రంగా దువ్వాడు. ఫ్యాను గాలికి ఆయన కునుకు తీశారు.

బార్బరు మనసు గూటి దగ్గరే ఉంది. వెళ్లి ఆకుల మీద నీళ్లు చల్లి, ఒక కీచురాయిని వదిలి, ఊపిరి బిగబట్టాడు.

కాసేపటికి దొర మెడ దగ్గర నలుపు విరిగింది. ఆకుపచ్చ మెల్లగా వీపంతా పాకింది. ఒక కన్ను నీటిచుక్క మీద, ఇంకో కన్ను కీచురాయి మీద. ముందు చుక్క తాగింది. తర్వాత నాలుక సర్రున సాగింది, కీచురాయి మాయం. రెండోది వేశాడు, మూడోది వేశాడు. అన్నీ తినేసింది. బార్బరుకు చిందులు తొక్కాలనిపించింది.

"గెలిచావురా దొరా," అన్నాడు గట్టిగా.

ఆ మాటకు ఇంకాస్త గారు ఉలిక్కిపడి లేచారు. చూసుకోవడానికి అద్దం లేదు. నుదుటి నుంచి మెడ దాకా తల నిమురుకున్నారు. మళ్లీ నిమురుకున్నారు. ఇంకాస్త అనే మాట మాత్రం నోట్లోంచి రాలేదు.

"ఇదోయ్ కటింగంటే. ఇన్నాళ్లూ అద్దం చూసి నిన్ను అనవసరంగా విసిగించాను. ఆ దుప్పట్లు ఇక తియ్యకు."

గుడ్డ విప్పి కుర్చీ మీద పడేసి, రొమ్ము విరుచుకుని బయటకు నడిచారు. బార్బరు తేరుకుని పిలిచేలోపే వీధి మలుపు తిరిగిపోయారు.

కత్తెర ఇంకా సొరుగులోనే ఉంది.