ఇరవై వేలిముద్రలు

"ఈ పూటే తేల్చండి. రేపైతే వాటాకి ఈ మూడు రూపాయలు కూడా ఇయ్యను!"

మైకా వ్యాపారి జయరామయ్య తన ట్రాన్సిస్టరు రేడియోను రేకుల కుప్ప పక్కన పెట్టి చెవి మెలిపెట్టాడు. సినిమా పాట షెడ్డంతా మోగింది.

అది గూడూరు మైకా కూలీల సొసైటీ షెడ్డు. ఇరవై మంది ఆడవాళ్ళు కత్తులతో అభ్రకం రేకులు చీలుస్తున్నారు. తలకో వాటా, వాటా పది రూపాయలు. ఆ ఇరవై వాటాలూ చేతికొస్తే సొసైటీ జయరామయ్యదే.

"విన్నారు గదా! పాత రేడియోల్లో వాల్వులుండె, వాల్వుల్లో మీ మైకా ఉండె. దీంట్లో వాల్వే లేదు. ఇంక మీ సరుకు కొనేదెవుడు?"

"ఇస్త్రీ పెట్టెల్లో ఏస్తారు గదా నాయనా!" అంది ముసలి వెంకటశేషమ్మ.

"దేశమంతా చొక్కాలిప్పుకోని ఇస్త్రీ చేసుకుంటా కూచుంటదా అవ్వా?"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. జయరామయ్యా నవ్వాడు. అతని నవ్వుకు కారణం జుబ్బా జేబులో ఉంది. మద్రాసు నుంచి బావమరిది రాసిన జాబు. 'ట్రాన్సిస్టర్లలోనూ మైకా పడుతుంది. ఇక్కడి కొత్త కంపెనీకి పల్చటి పచ్చ రేకులు ఎన్నైనా కావాలి. కబురు బయటికి పొక్కకముందే ఆ సొసైటీ వాటాలు లాగెయ్.' నలుగురికీ తెలియాల్సిన మాటను ఒక్కడు జేబులో వేసుకుంటే దాన్నే వ్యాపారం అంటారు.

"రేటు పడిపోయే వాటాను పట్టుకోని వేలాడేవాడు ఎర్రోడు" అంటూ అదే జేబులోంచి దస్తావేజూ, సిరా డబ్బా ఒక్క గుంజుడుతో బయటికి లాగాడు. "వేళ్ళు ముంచండి. రిజిస్టరు కాగానే డబ్బులు."

అతని కాళ్ళ దగ్గరే ఉన్న సొసైటీ పెద్ద నాగూర్‌బీ తల వంచుకుని చాలాసేపు ఒళ్ళోకి చూస్తూ కూర్చుంది. ఏడుస్తోందనుకున్నాడు. తల ఎత్తినప్పుడు ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

"సరే అయ్యా. ఏయించుకోండి."

బొటనవేలు నొక్కించాడు. కాగితం మీద నున్నటి నల్ల మచ్చ పడింది. ఒక్క గీత లేదు. ఇంకోసారి నొక్కించాడు. మళ్ళీ మచ్చే. ఎడమచేయి పట్టుకున్నాడు. అదీ అంతే. ఆనందకుమారి వేలు, మస్తాన్‌బీ వేలు, ఇరవై మంది వేళ్ళూ అయ్యాయి. దస్తావేజు నిండా నేరేడుపళ్ళు చిదిమినట్టు మచ్చలే.

"ఇది చూస్తే రిజిస్ట్రారు నా మొహాన కొడతాడు! గీతలేవి మీకు?"

"చిన్నప్పుట్నించీ రేకులు చీల్చి చీల్చి అరిగిపోయినయ్ నాయనా" అంది వెంకటశేషమ్మ. "ముందు పనిచేసింది నీ షెడ్డులోనే గదా. గీతలు ఆడే రాలుంటాయి, చిమ్మి ఎతుక్కో."

షెడ్డు రేకులెగిరేలా నవ్వారు.

"పోనీ, ఒక్కరికన్నా సంతకం రాదా?"

"మాకు చదువులు యాడియి అయ్యా!" నాగూర్‌బీ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జయరామయ్య పాడుతున్న రేడియోను చంకలో ఇరికించుకుని గుమ్మం దాటబోయాడు.

"అయ్యా, ఆగండి!" నాగూర్‌బీ పరుగున వచ్చి మడత కాగితం ఒకటి చేతిలో పెట్టింది. "ఇందాక మీ జేబులోంచి నా ఒళ్ళో పడింది. మీ బావమరిది రాత కోడి గెలికినట్టుండాది గానీ, చదివేసినాం. మద్రాసుకు జవాబు మేమే రాసుకుంటాంలే!"