శాంపిల్

భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వాల్చేసరికి ఉషారాణి గొంతు మీది గడ్డ నిమ్మకాయలా పైకి లేచింది.

"గుటక మింగొద్దమ్మా. మాట్లాడొద్దు," అన్నాడు డాక్టరు సూది చేతిలోకి తీసుకుని.

"మాట్లాడకుండా ఉండేది మా అక్కకి అలవాటే సార్. ఆ ఇంట్లో బాగా నేర్పించినారు," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ చిన్నబాబు.

ముత్యాలయ్యకి ఒళ్ళు మండింది. తెల్లారేసరికి బండేసుకుని వచ్చి, తన పెళ్ళాన్ని తన కళ్ళ ముందే ఎక్కించుకుని నెల్లూరు తీసుకొచ్చేశాడు ఈ బామ్మర్ది. వెనకాలే తను రాక తప్పలేదు.

"సూది తగిలితే గడ్డ ఒళ్ళంతా పాకుద్ది. రేపు దానికేమన్నా అయితే నీదే పూచీ," అన్నాడు బామ్మర్దితో.

"పాకదయ్యా. అది మంచిదో చెడ్డదో తేలేది దీంతోనే," అన్నాడు డాక్టరు తలెత్తకుండా.

"రొయ్యలకి పరీక్షలు చేయిస్తే మాత్రం ఏం పాకదు గదా బావా," అన్నాడు చిన్నబాబు.

ముత్యాలయ్య పళ్ళు కొరికాడు.

తను రొయ్యలు పెంచే గుంటలో ఒక్కటి మేత ముట్టకుండా గట్టు పక్కన తేలితే చాలు, ఆయనకి ముద్ద దిగేది కాదు. నాలుగు రొయ్యల్ని ప్రాణంతో పట్టి, నీళ్ళ కవర్లో వేసి, రొయ్యల ల్యాబుకి బండి తీసేవాడు. వెనక కూర్చుని ఆ కవరు ఒళ్ళో పెట్టుకునేది ఉషారాణే.

బండి గుంతలో పడినప్పుడల్లా, "మే, కవరు జాగర్త," అనేవాడు.

ఆ దారిలోనే ఉంది ఈ ఆసుపత్రి. ఈ డాక్టరే ఈ పరీక్ష చేయించమని ఎప్పుడో చెప్పాడు. అప్పటికి గడ్డ శనగగింజంత.

"ఈ పంట పట్టేసినాక చూద్దాం," అన్నాడు ముత్యాలయ్య.

పంట పట్టాడు. మళ్ళీ గుంటలోకి రొయ్యపిల్ల వదిలాడు. ఏడాదికి రెండు పంటలు తీసే మనిషికి తీరికెక్కడిది.

సూది దిగింది.

ఉషారాణి కళ్ళు మూసుకోలేదు. కనుకొసల్లోంచి గుమ్మం దగ్గరున్న మొగుడి వైపే చూసింది. మొహం తిప్పుకున్నది ముత్యాలయ్యే.

తీసిన దాన్ని డాక్టరు గాజు పలకల మీద పూసి ఇచ్చాడు. నర్సు వాటిని చిన్న డబ్బాలో సర్దింది.

"రోడ్డుకి అవతల ల్యాబుంది. అక్కడ ఇచ్చేయండి," అంది.

ముత్యాలయ్య చెయ్యి చాచాడు.

"ఆయన చేతికి ఇయ్యబాకమ్మా," అంది ఉషారాణి, గొంతు మీద దూది అదుముకుంటూ.

పొద్దుటి నుంచి ఆమె నోరు తెరవడం అదే మొదటిసారి.

డబ్బా తనే తీసుకుంది. పొట్టకి ఆనించుకుని, గుంతలున్న చోట ఆగి ఆగి, రోడ్డు దాటింది. మగవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెనక నడిచారు.

ల్యాబులో కూర్చున్న పిల్ల పేరడిగింది, వయసడిగింది. చిన్నబాబు చెప్పాడు.

"గడ్డ ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"ఈమధ్యనే," అన్నాడు ముత్యాలయ్య గబుక్కున.

ఉషారాణి డబ్బాని బల్ల మీద పెట్టింది.

"నాలుగు పంటల నించి."

"పంటలంటే నాకు తెలీదమ్మా. నెలల్లో చెప్పండి."

"ఆయన్ని అడుగు తల్లీ. పంటల లెక్క ఆయనది."

ఆ పిల్ల కలం ఎత్తి పట్టుకుని ముత్యాలయ్య వైపు తిరిగింది.