మూడో ఓటు

భోజనాల బల్ల దగ్గర డెన్మార్క్ పార్లమెంటు మళ్లీ మొదలైంది.

"ఓడని పంపడానికి అక్కడ పార్లమెంటే ఒప్పుకుంది. ఇంక నీకేమిటి అభ్యంతరం?" అన్నాడు హెన్రిక్ దొర.

"పార్లమెంటు ఒప్పుకుంటే నేనూ ఒప్పుకోవాలా? గుప్పెడంత దేశం మనది. ఇరాక్, కువైట్ల గొడవలో మనకేం పని? మా అమ్మ ఈ వయసులో యుద్ధం వద్దని రాసిన అట్టముక్క పట్టుకుని కోపెన్‌హేగెన్‌లో ఊరేగింపులకి పోతోంది, తెలుసా?" అంది అతని భార్య కిర్స్టెన్.

"మన ఓడ యుద్ధం చెయ్యదు. ఇరాక్‌కి సరుకులు పోకుండా కాపలా కాస్తుంది, అంతే."

"కాపలాకి ఫిరంగులెందుకో!"

వాళ్ల భాషలో పోట్లాడుకుంటే వీరదుర్గకి తెలియదు. ఆమెని కూడా తమవైపు లాక్కోవాలని ఇద్దరూ ఇంగ్లీషులో పోట్లాడుకుంటున్నారు. బహ్రెయిన్‌లో, బుసైతీన్ పేటలోని ఆ ఇంట్లో వంటా పనీ అంతా వీరదుర్గదే. ఆ ఓడ ఈ వారమే బహ్రెయిన్ రేవుకి వస్తోంది. శుక్రవారం మధ్యాహ్నం నావికుల్ని ఇంటికి భోజనానికి పిలుస్తానని దొర పట్టు. యుద్ధానికి వెళ్లేవాళ్లకి తన ఇంట్లో మెతుకు పెట్టనని అమ్మగారి పట్టు.

వీరదుర్గకి ఓడతో పనిలేదు. ఆమె బెంగంతా శుక్రవారం గురించే. ఇంట్లో పనిలేని శుక్రవారమే ఆమెకి సెలవు. సల్మాబాద్‌లో కార్ల షెడ్డులో పనిచేసే మొగుడు గంగరాజు ఆ రోజు మనామా వస్తానన్నాడు. ఇద్దరూ కలిసి స్టూడియోలో ఫొటో దిగాలి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇద్దరికీ కలిపి ఒక్క ఫొటో లేదు. చిలకపచ్చ చీర ఇస్త్రీ కూడా అయిపోయింది.

"ఇంక వాదనలొద్దు, ఓటు పెడదాం," అన్నాడు దొర.

"నీదొకటి, నాదొకటి. తేలేదేముంది?"

"ఈ ఇంట్లో ఉంటున్నది ముగ్గురం కదా!"

ఇద్దరూ వీరదుర్గ కేసి తిరిగారు. ఆమె చేతిలో గిన్నె జారబోయింది.

"నాకెందుకండీ బాబూ! మీ దేశం గొడవలు నాకేం తెలుత్తాయండీ?"

"ఉన్నవాళ్లందరికీ ఓటుండాలి. రేపు టిఫిన్ దగ్గర," అని తేల్చేశాడు దొర.

సాయంత్రం ఎన్నడూ లేనిది దొర వంటింట్లోకి వచ్చాడు. "నీ రొయ్యల వేపుడు తింటే ఆ కుర్రాళ్లు జన్మలో మర్చిపోరు, వీరదుర్గా. కాస్త చూడు," అన్నాడు.

"అలాగేనండి."

ఆయన అటు వెళ్లాడో లేదో, అమ్మగారు బిస్కెట్ల డబ్బా పట్టుకుని ఇటొచ్చింది. "ఆడవాళ్లం మనం ఒకమాట మీదుండాలి. ఇది నీ గదిలో పెట్టుకో."

"అలాగేనండి."

ఊళ్లో ఎన్నికలప్పుడూ అంతే. గుమ్మంలోకొచ్చిన ప్రతి పార్టీకీ అలాగేనండి అనడం, చాటుకెళ్లి నచ్చిన గుర్తు మీద ముద్ర గుద్దడం. ఎవరికి గుద్దిందో గంగరాజుకి కూడా చెప్పేది కాదు. ఆ ధైర్యంతోనే హాయిగా నిద్రపోయింది.

మర్నాడు టిఫిన్ల దగ్గర బల్లంతా కలియజూసింది. "చీటీలేవండీ?"

"ఇంట్లో చీటీలెందుకు? చెయ్యెత్తితే చాలు!" అన్నాడు దొర.

వీరదుర్గ వీసాకి పూచీపడ్డ కఫీల్ ఆ దొరే. ఆయనకి కోపమొచ్చి ఖలాస్ అన్నాడంటే, ఊరికి విమానం ఎక్కడమే.

"విందు కావాలనేవాళ్లు?" అంటూ దొర చెయ్యెత్తి ఆమె వైపు ఆశగా చూశాడు. వీరదుర్గ తలొంచుకుంది.

"వద్దనేవాళ్లు?" అమ్మగారి చెయ్యి ఠక్కున లేచింది.

వీరదుర్గ కళ్లు మూసుకుంది. స్టూడియో ముందు కొత్త చొక్కా తొడుక్కుని, దారి చూస్తూ నిలబడ్డ గంగరాజు కనిపించాడు. చెయ్యి దానంతటదే లేచిపోయింది.

దొర లేచి దగ్గరకొచ్చాడు. వీరదుర్గ రెండడుగులు వెనక్కేసింది. ఆయన పకపకా నవ్వి చెయ్యి కలిపాడు.

"ఓడిపోయాను! నా ఎదురుగానే నన్ను ఓడించావు. భేష్!"

వీరదుర్గకి ప్రాణం లేచొచ్చింది. ఎంత మంచి దొర! ఇలాంటి కఫీల్ గల్ఫ్ మొత్తం వెతికినా దొరకడనిపించింది.

అమ్మగారైతే కావలించుకుని కళ్లు తుడుచుకుంది. "యుద్ధమంటే నీకూ ఇంత కోపమని తెలియదు!"

"మా చెడ్డ కోపమండి," అంది వీరదుర్గ.

గిన్నెలు కడుగుతూ కూనిరాగం తీసింది. చిలకపచ్చ చీర మీదికి మల్లెపూలు మనామా బజార్లో దొరుకుతాయేమోనని ఆలోచిస్తోంది. హాల్లో అమ్మగారు ఎవరెవరితోనో ఫోన్లో గలగలా మాట్లాడుతోంది. ఫోను పెట్టేసి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"వీరదుర్గా! నువ్వు చెయ్యెత్తిన సంగతి చెబితే ఇక్కడి మా శాంతి సంఘం వాళ్లు పొంగిపోయారు. నిన్ను కళ్లారా చూడాలట. శుక్రవారం మధ్యాహ్నం నలభై మంది భోజనానికొస్తున్నారు, రొయ్యలు ఎన్ని కిలోలు తెప్పించమంటావు?"