బల్ల మీద ఖాళీ జాగా

"బుట్ట అక్కడ పెట్టకు తల్లీ! ఆ జాగా ఒకావిడది," అని అందరికీ టీ పోస్తున్న నెట్టా కెటిల్ చేత్తో పట్టుకునే కేకేసింది.

ఇష్బెల్ ఉలిక్కిపడి బుట్టను మళ్ళీ మోచేతికి తగిలించుకుంది. పొద్దున్నే ఇంట్లో కొట్టుగదిలోంచి తీసి, దుమ్ము దులిపి తెచ్చుకున్న ఖాళీ బుట్ట అది. ఒక్క మొక్క పిలక దొరికితే చాలు, అందులో పెట్టుకుని బస్సెక్కేయాలని ఆమె ఆశ.

బయట స్కాట్లండు చినుకు సన్నగా పడుతూనే ఉంది. తోటలోని గాజింట్లో కొండమొక్కల సంఘం వాళ్ళ ప్రదర్శన. బల్లల నిండా కుండీలు, కుండీల చుట్టూ జనం. ఇష్బెల్ అన్నీ రెండుసార్లు చూసింది. కావలసింది కనబడలేదు.

"ఇందాకట్నుంచీ దేనికోసం వెతుకుతున్నావమ్మా?" అన్నాడు సంఘం కార్యదర్శి లాక్లన్.

"ఫెర్గస్ గారు పెంచిన మొక్క కోసమండీ. తెల్లపూలది. జీనీ అని పేరు పెట్టారట."

"ఫెర్గస్ నీకేమవుతాడు?"

"దూరపు చుట్టం."

సొంత తమ్ముణ్ణి పట్టుకుని ఆ మాట అంది. మరేం చెప్పగలదు? మొన్న చలికాలంలో అతన్ని పూడ్చిపెడుతుంటే రాని మనిషి, అక్కనని ఏ మొహం పెట్టుకుని చెప్పుకుంటుంది?

తల్లి ప్రాణం పోయే వేళకి ఫెర్గస్ ఇంట్లో లేడు. మొక్కల కోసం కొండెక్కాడు. "అమ్మ పోతుంటే గడ్డి ఏరుకుంటున్నావా!" అని తిట్టి, ఆ రోజు నుంచి అతనితో మాట మానేసింది ఇష్బెల్. ఫోనొస్తే ఎత్తలేదు. అతను పంపినవి విప్పలేదు. అంత పంతం. అతను పోయాక ఊరి పత్రికలో చదివితే తెలిసింది, ఆ రోజు కొండ మీద ఏరిన గింజతోనే ఆ మొక్కను పెంచి, అమ్మ పేరు పెట్టుకున్నాడని. అప్పట్నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

"ఎవరి దగ్గరైనా ఒక పిలక ఉంటుందేమోనని..." అంది.

లాక్లన్ పెద్దగా నవ్వాడు. "ఫెర్గస్ పిలక ఇవ్వడమా! ఎంగిలి చేత్తో కాకిని తోలేవాడు కాదమ్మా. మా సంఘంలో ఒకటే మాట: మొక్క బతకాలంటే పంచిపెట్టు, నీది చచ్చినా పక్కవాడిది ఉంటుంది. అందరం అడిగాం. 'ఇది మా అమ్మ, ముక్కలు చెయ్యను పొండి' అనేవాడు."

"మరి ఇప్పుడదేదీ?"

"అతను పోయాక వెళ్ళి చూస్తే కుండీలో గులకరాళ్ళే మిగిలాయి."

"చచ్చిపోయిందా?"

"చస్తే వేళ్ళయినా ఉండవా? మొక్కంతా పెకలించి ఎవరికో ఇచ్చేశాడు."

"ఎవరికో ఏమిటి, ఆవిడకే!" అంటూ నెట్టా వచ్చి కలిసింది. "ఓ ఏడాది వట్టి చేతులతో వచ్చాడమ్మా. జీనీ ఏదయ్యా అంటే, 'పంపేశాను. ఇకమీదట ఆవిడే తెస్తుంది' అన్నాడు. తన కుండీల పక్కన ఈ జాగా అట్టేపెట్టించాడు. ముసలాడికి ముచ్చట పుట్టిందని ఎంత ఏడిపించామో! ఏటా గడ్డం నున్నగా గీసుకొచ్చి, సాయంత్రం దాకా గుమ్మం వైపే చూసేవాడు."

"ఆవిడ వచ్చిందా?"

"ఎక్కడా! ఈ ఏడు అతనే లేడు. అయినా ఆ జాగా వేరేవాళ్ళకివ్వడానికి మాకు చెయ్యి రాలేదు."

ఇష్బెల్‌కి ఒళ్ళు మండింది. "ఏం మనిషండీ! ఒక్కసారి వచ్చి మొహం చూపిస్తే ఆవిడ సొమ్మేం పోయింది? ఎవరో చెప్పండి. కాళ్ళు పట్టుకునైనా పిలక తెచ్చుకుంటాను."

"పేరు చెప్పలేదమ్మా," అన్నాడు లాక్లన్. "పోస్టాఫీసుకి నా కారులోనే తీసుకెళ్ళాను. చిరునామా కనబడకుండా దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు, కొత్త పెళ్ళికొడుకులాగా. నాకు కనబడిందల్లా పెట్టె. చెక్కది. నాలుగు పక్కలా ఆకుపచ్చ రంగుతో 'బోర్లించకండి' అని రాశాడు."

బుట్ట ఇష్బెల్ చేతిలోంచి జారి కింద పడింది.

"అయ్యో, ఏమైందమ్మా? కూర్చో, వేడిగా టీ తాగు," అని నెట్టా కుర్చీ లాగింది.

పొద్దున ఆ బుట్టను ఇష్బెల్, ఇంకా విప్పని ఆ పెట్టె మీద నుంచే తీసింది.