ఎర్ర గుడ్డ కట్టిన స్ప్రింగ్

"ఎవడ్రా అది? ముందా మూత పెట్టు!"

కొట్టు నుంచి ఆ రోజు మధ్యలోనే ఇంటికొచ్చిన వరహాలబాబు కేకకి వెనక సందులో వంగి ఉన్న మనిషి ఉలిక్కిపడి లేచాడు.

అరవై అయిదు దాటిన మనిషి. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు. చేతిలో చుట్ట చుట్టిన పొడవాటి ఇనప స్ప్రింగ్, దాని చివర తిప్పడానికి ఒక చెక్క పిడి. ఎదురుగా డ్రైనేజీ చాంబర్ నోరు తెరుచుకుని ఉంది.

"జెర సాఫ్ చేస్తున్న సార్. అయిపోయింది."

"నిన్నెవరు చెయ్యమన్నారు?"

"ఎవరు చెప్పలే సార్. నేనే..."

"ఎవరూ చెప్పకుండా ఊరికే మా మురుగు తీస్తావేటి? మొన్న పక్కింట్లో నీళ్ల మీటరు పోయింది. అదీ నువ్వే సాఫ్ చేశావా?"

ముసలాయన ముఖం చిన్నబోయింది.

"గట్ల అనకుండ్రి సార్. నేను మీ ఇంటి..."

"మా ఇంటి మీద ఎన్నాళ్లుగా కన్నేశావ్? మునిసిపాలిటీ కాగితం ఏమైనా ఉందా?"

"కాగితం లేదు సార్. మాట ఉన్నది."

"నోటిమాటకి మా కొట్లో మిక్సీ మూత కూడా ఇవ్వం. నడు!"

స్ప్రింగ్ లాక్కున్నాడు వరహాలబాబు.

"ఇదెక్కడ కొట్టుకొచ్చావో ఏమో! నీదే అయితే పోలీసుని వెంటబెట్టుకొచ్చి తీసుకెళ్లు."

ముసలాయన చాంబర్ మూత మళ్లీ సరిగ్గా అమర్చి, కదులుతుందేమోనని కాలితో అదిమి చూసి, వెళ్లిపోయాడు.

లాభం లేకుండా ఎవరూ వంగరన్నది వరహాలబాబు లెక్క. విజయనగరం నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో మిక్సీల దుకాణం నిలబెట్టింది ఆ లెక్కతోనే. ఎవరైనా గ్యారంటీ అంటే బిల్లు అడుగుతాడు. బిల్లు తెస్తే తేదీ చూస్తాడు. తేదీ కూడా సరిపోతే మిక్సీ కింద పడేశారేమోనని అనుమానిస్తాడు.

పద్మారావు నగర్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు మాత్రం లెక్క పక్కన పెట్టి వాస్తు పట్టుకున్నాడు. వంటింటి నీళ్లు ఈశాన్యానికే పోవాలన్నాడు. నేల వాటం అటు లేదని, నీళ్లు ఆగుతాయని పనివాళ్లు ఎంత మొత్తుకున్నా వినలేదు.

పన్నెండేళ్లయింది. సింకు ఒక్కసారి కూడా నిండలేదు.

"అదీ వాస్తు బలమంటే!" అని ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాడు.

ముసలాయన్ని వెళ్లగొట్టిన నెలన్నరకి, సరిగ్గా సత్యనారాయణ వ్రతం నాటి పొద్దున్నే, సింకు పొంగింది.

పదకొండింటికి సైనిక్‌పురి నుంచి వియ్యాలవారు వస్తున్నారు. వంటింటి గచ్చు మీద మెతుకులు తేలుతున్నాయి.

"ఏటండీ ఇది? ఈ కంపులో ప్రసాదం ఎలా వండమంటారు?" భార్య అప్పలలక్ష్మి చీపురు పట్టుకుని అడిగింది.

ఎప్పుడూ పిలిచే ప్లంబరు ఫోన్ ఎత్తలేదు. ఇంకొకడు సాయంత్రం వస్తానన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, వాషింగ్ మెషిన్ వెనక పడేసిన స్ప్రింగ్.

సింకు కింద గొట్టం విప్పి దూర్చాడు. మొదటి వంపులోనే మొరాయించింది. వెనక సందులోకి వెళ్లి, చాంబర్ మూత ఎత్తి, అటు నుంచి దూర్చాడు. పిడి తిప్పుతూ అంగుళం అంగుళం తోశాడు.

స్ప్రింగ్‌కి ఒకచోట ఎర్ర గుడ్డ పీలిక గట్టిగా ముడి వేసి ఉంది. ఆ పీలిక గొట్టం మూతి దగ్గరికి వచ్చేసరికి లోపల అడ్డం తగిలింది.

మూడు తిప్పులు తిప్పాడు. లోపల ఏదో తెగింది. గడ్డకట్టిన నూనె, చింతపండు పీచు, టీ పొడి ముద్దగా జారిపడ్డాయి. వెనకే నీళ్లు.

"పోతున్నాయండీ!" వంటింట్లోంచి అరిచింది అప్పలలక్ష్మి.

వరహాలబాబు లేవలేదు. ఆ పీలికనే చూస్తున్నాడు. కొలత తెలియకుండా ఎవరూ ముడి వెయ్యరు. ఈ కొలత తన ఇంటిది.

"లక్ష్మీ, ఇక్కడ ఎవరైనా ముసలాయన తిరుగుతుంటాడా?"

"నెలకో ఆదివారం వస్తాడు కదండీ, మీరు కొట్టుకి వెళ్లాక. మునిసిపాలిటీ మనిషనుకున్నాను. ఈమధ్యే మానేశాడు పాపం."

పిడిని చొక్కాకే తుడిచి చూశాడు. మేకుతో గీసిన అక్షరాలు. బ్రహ్మచారి, లాలాగూడ. కింద ఫోన్ నంబరు.

చేతులు కడుక్కోకుండానే ఫోన్ చేశాడు. ఎవరో పెద్దావిడ ఎత్తింది.

"బ్రహ్మచారి గారున్నారామ్మా?"

"లేడు సార్. రాణిగంజ్ పోయిండు, స్ప్రింగ్ కొననీకె. పాతది యాడనో పారేసుకున్నడంట."

పారేసుకున్నాడట. ఇంట్లో అలా చెప్పాడన్నమాట. వరహాలబాబు చెవులు వేడెక్కాయి.

"ఈ వయసులో ఇంకా పనికి వెళ్తున్నారా?"

"పని బంద్ చేసి ఆరేండ్లాయె సార్. గా ఒక్క ఇల్లే విడుస్తలేడు. పోయిన నెల పోలేదని ఒకటే పరేషాన్. అన్నం సుత సక్కగ తింటలేడు. ఇంతకు మీరెవరు సార్?"

వరహాలబాబు పిడి మీద గీసిన ఆ పేరునే బొటనవేలితో తుడుస్తూ ఉండిపోయాడు.

"హలో? ఏమన్న పనుంటే చెప్పుండ్రి సార్, వస్తడు. గని ముందుగాల ఆ పద్మారావు నగర్ ఇంటికి పోయినంకనే. గా ఇంటికి పైపులేసింది ఈయనే సార్. ఇంటాయన వాస్తు వాస్తు అని ఎదురు వాటానికి ఏపిచ్చి, నీళ్లాగితే నీదే జిమ్మేదారి, నువ్వే చూసుకోవాలె అంటే, పన్నెండేండ్ల కింద ఈయన సరే అన్నడు."