వెనకాల సైకిల్

కంకర బాట మొదటి మలుపు తిరిగేసరికి వెనక నుంచి ట్రింగ్ ట్రింగ్‌మని గంట మోగింది. ఆ అడవి పార్కులో సైకిల్‌కి గంట కొట్టుకుంటూ కొండెక్కే అమాయకుడు ఒక్కడే ఉంటాడు.

"బావా! ఆగు బావా! నేనే!"

అతను ఆగలేదు. గేరు మార్చి ఇంకాస్త గట్టిగా తొక్కాడు. లావు టైర్ల కింద కంకర కరకరలాడింది. అన్ని రోజులూ పోయి ఇవాళే ఈ బావమరిది తగులుకోవాలా?

పైన, చెట్లన్నీ అయిపోయే చోట, లోయ అంచున ఒక చెక్క బెంచీ ఉంది. సెలవు రోజుల్లో భార్యాభర్తలిద్దరూ సైకిళ్ల మీద అక్కడిదాకా వెళ్లి, ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగి దిగేవారు. ఆమె పోయాక అతను మళ్లీ ఇటు రాలేదు. ఇవాళ వచ్చాడు. ఎక్కడం వరకే అనుకుని వచ్చాడు, దిగే ఆలోచన లేదు.

అన్నీ చక్కబెట్టుకునే వచ్చాడు. తన కళ్లద్దాల షాపులో ఒప్పుకున్న జోళ్లన్నీ పూర్తి చేశాడు. రేపు బావమరిది వస్తే ఇవ్వమని ఇంటి తాళంచెవి ఎదురింటి పిన్నిగారి చేతిలో పెట్టాడు. చేపల తొట్టిని షాపులో పనిచేసే అమ్మాయికి ఇచ్చేశాడు. "ఎందుకండీ?" అని ఆ పిల్ల అడిగితే, "నీళ్లు మార్చలేకపోతున్నానమ్మా" అన్నాడు.

బావమరిది రొప్పుతూ పక్కకొచ్చాడు. గేటు దగ్గర అద్దెకి తీసుకున్న సైకిల్. సీటు మరీ కిందికుండి మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"షాపుకి వెళ్తే, సైకిలేసుకుని ఇటొచ్చావన్నారు. నేనూ వస్తా. పొట్ట తగ్గించుకోమన్నావుగా!"

"నీ వల్ల కాదు. వెనక్కి పో."

"పోను."

ఉడుంపట్టు. వీడి అక్కకీ అంతే ఉండేది.

రెండో మలుపులో గొలుసు ఊడిందన్నాడు. తర్వాత దాహమన్నాడు. ఆ తర్వాత పిక్క పట్టేసిందని బాట మీదే చతికిలబడ్డాడు. ప్రతిసారీ అతను వీణ్ణి వదిలేసి పోదామనే అనుకున్నాడు. కానీ "బావా" అనే ఆ పిలుపులో ఎక్కడో ఆమె గొంతు జీర వినిపించేది. కాళ్లు ఆగిపోయేవి.

ఎండ చెట్ల మీంచి కిందికి జారుతోంది. అతనికి ఏడుపొక్కటే తక్కువ. చావడానికి కూడా తీరిక లేదని జనం మాటవరసకి అంటుంటారు. అతనికి నిజంగానే లేకుండా పోయింది.

ఇంకో రెండు మలుపుల్లో బెంచీ ఉందనగా, "బావా, గాలి పోయింది" అన్నాడు.

అతను పళ్లు నూరుకుంటూ దిగాడు. టైరంతా తడిమి చూశాడు. ముల్లు లేదు, మేకు లేదు. ఎలా పోయిందో ఏమో. బ్యాగులోంచి పంపు తీసి గాలి కొడుతూ తల ఎత్తి చూస్తే, బావమరిది బాట అంచున కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ పక్కన పెట్టేశాడు. కాళ్లు వాలు వైపుకి వేలాడుతున్నాయి.

"నువ్వెళ్లిపో బావా."

"ఏంటి?"

"నువ్వెళ్లు. నాకిక దిగాలని లేదు."

పంపు మీద అతని చెయ్యి ఆగిపోయింది.

బావమరిది చేతి వాచీ విప్పాడు. మొదటి ఉద్యోగానికి అక్క కొనిచ్చిన వాచీ. "ఇది నువ్వుంచుకో. మళ్లీ అడగను."

ఉన్నవన్నీ పంచిపెట్టేవాడి మనసులో ఏముంటుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఇన్ని నెలలూ తన ఏడుపేదో తను ఏడ్చాడు. వీడు తిన్నాడా, పడుకున్నాడా అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. పోయింది తనకి భార్యే. వీడికి అక్కా, పెంచిన అమ్మా కూడా ఆమే.

"ఒరేయ్, నా మాట విను. ముందక్కణ్ణించి లే."

"లేచి? కింద ఏముంది బావా?"

ఆ ప్రశ్న తనని తాను రోజూ అడుగుతున్నదే. ఏ రోజూ జవాబు దొరకలేదు. ఇప్పుడు, ఈ క్షణంలో, ఏదో ఒకటి దొరికి తీరాలి.

"నేనున్నానురా!" అని అరిచాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"రేపో?"

"రేపూ ఉంటాను."

"ఒట్టు?"

"మీ అక్క మీద ఒట్టు!"

బావమరిది చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. తర్వాత మెల్లగా లేచాడు. అతను ఆ వాచీ లాక్కుని, వాడి మణికట్టుకే బిగించి కట్టాడు. పట్టీ రెండుసార్లు జారింది.

బెంచీ వైపు తల కూడా తిప్పలేదు. బావమరిదిని ముందు పెట్టుకుని దిగడం మొదలుపెట్టాడు. బాట ఇరుకైన చోటల్లా సైకిల్ దింపి నడిపించాడు. లోయ వైపు తను నడిచాడు. "లోపలికి జరుగు. నన్ను చూడు. మాట్లాడుతూ ఉండు" అంటూనే ఉన్నాడు. కంకర జారిన ప్రతిసారీ వాడి భుజం పట్టుకున్నాడు. వీణ్ణి ఈ కొండ దింపితే చాలు, ఈ ఒక్క పనీ చేయనిస్తే చాలు అని ఎవరెవరికో మొక్కుకున్నాడు.

గేటు దీపం కనబడగానే ఆగాడు. సైకిల్ వదిలేసి బావమరిదిని పట్టుకుని భోరుమన్నాడు.

"నిన్నొక్కణ్ణి వదలనురా. ఇవాళ్టి నుంచీ నా దగ్గరే ఉండు. పద, మనింటికి పోదాం."

అలవాటుగా జేబు తడుముకున్నాడు.

బావమరిది కళ్లు తుడుచుకుని, తన జేబులోంచి తీసి అతని అరచేతిలో పెట్టాడు, పొద్దున ఎదురింటి పిన్నిగారికి ఇచ్చిన తాళంచెవి.